తిరిగొచ్చిన కార్లు - తిరిగిరాని మనుషులు

మన హాస్టల్ గదుల్లో ట్రంకు పెట్టెల మూతలు తెరిస్తే లోపలివైపు రెండు రకాల బొమ్మలు అంటించి ఉంటాయి. ఒకటి సినిమా హీరోలవి. రెండోది కార్లవి. కార్లలో ఎక్కువ కనిపించేవి పొడుగాటి బానెట్, వెడల్పాటి టైర్లు, కోపంగా చూసే కళ్లలాంటి లైట్లు ఉన్నవి. ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో రోబోగా మారిపోయే పసుపుపచ్చ కారు షెవర్లే కమారో. ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్‌లో ముందు చక్రాలు పైకి లేపి దూకే నల్ల కారు డాడ్జ్ ఛార్జర్. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఆడే రేసు ఆటల్లో అందరూ ముందు ఎంచుకునేది ఫోర్డ్ మస్టాంగ్. వీటిని అమెరికాలో మజిల్ కార్లు అంటారు. అంటే కండలు తిరిగిన కార్లని అర్థం.

ఈ పేర్లన్నీ 1960లలో పుట్టినవని మనలో చాలామందికి తెలియదు. ఇవాళ మనం చూసి మురిసిపోతున్న కార్లలో చాలావరకు పాత కార్ల పోలికలతో మళ్లీ తయారుచేసినవి. మధ్యలో వీటిలో కొన్ని చచ్చిపోయాయి, కొన్ని బక్కచిక్కిపోయాయి. 2005 తర్వాత వరుసగా లేచి వచ్చాయి. ఎందుకు పుట్టాయి, ఎందుకు పోయాయి, ఎందుకు తిరిగొచ్చాయి? తిరిగి వచ్చేటప్పుడు తమతో దేన్ని తెచ్చుకున్నాయి, దేన్ని వదిలేశాయి? ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ చివరి ప్రశ్న గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత కారును మళ్లీ తయారుచేయడం తప్పేమీ కాదు. కానీ కారుతోపాటు "ఆ రోజులే బంగారం" అనే మాటను కూడా కలిపి అమ్ముతారు చూడండి, ఆ మాటను మాత్రం మనం గీకి చూసి గానీ కొనకూడదు.

పుట్టుక, చావు

1964లో అమెరికాలో పాంటియాక్ కంపెనీ ఒక మధ్యరకం కారులో పెద్ద వి-8 ఇంజను పెట్టి జిటిఓ అనే పేరుతో అమ్మింది. 325 అశ్వశక్తి! అంత పెద్ద ఇంజన్లను ఆ సైజు కార్లలో పెట్టకూడదని మాతృసంస్థ జనరల్ మోటార్స్‌లోనే ఒక నియమం ఉండేది. పాంటియాక్ ఇంజనీర్లు దాన్ని కొత్త మోడల్ అనకుండా పాత మోడల్‌కు "అదనపు సౌకర్యం" అని పేరుపెట్టి నియమాన్ని దాటేశారు. మజిల్ కార్ల కథ చాలామంది ఇక్కడినుంచే మొదలుపెడతారు.

అదే సంవత్సరం ఏప్రిల్ 17న ఫోర్డ్ కంపెనీ న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో మస్టాంగ్‌ను బయటపెట్టింది. ధర 2,368 డాలర్లు. దీన్ని కారు పండితులు మజిల్ కారు అనరు, పోనీ కారు అంటారు. పోనీ అంటే పొట్టి గుర్రం. కానీ పెద్ద ఇంజన్లు వేసుకున్నాక అది కూడా ఆ పంక్తిలోనే కూర్చుంది. మొదటి రోజే 22 వేల ఆర్డర్లు వచ్చాయి. రెండేళ్లు తిరక్కుండానే పది లక్షల మస్టాంగ్‌లు తయారయ్యాయి. దాన్ని చూసి జనరల్ మోటార్స్ 1966లో కమారోను తెచ్చింది. క్రైస్లర్ కంపెనీ డాడ్జ్ పేరుమీద ఛార్జర్‌ను, 1970 మోడల్‌గా ఛాలెంజర్‌ను తెచ్చింది.

పదేళ్లకే ఆట ముగిసింది. కుర్రవాళ్లు నడిపే ఈ కార్లకు బీమా కంపెనీలు ప్రీమియం పెంచేశాయి. 1970లో గాలి కాలుష్యంపై అమెరికా గట్టి చట్టం చేసింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేయడంతో పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. 1974లో ఛాలెంజర్ ఆగిపోయింది. అదే ఏడాది మోడల్‌గా వచ్చిన మస్టాంగ్‌ను చిన్న కారు పునాదిమీద కట్టి, వి-8 ఇంజను లేకుండానే వదిలారు. కమారో ఎలాగోలా నెట్టుకొచ్చి 2002లో ఆగింది.

తిరిగి రావడం

2005 మోడల్ మస్టాంగ్‌తో గాలి మారింది. 1960ల మస్టాంగ్ ముక్కు, పక్క గీతలు, వెనుక మూడేసి లైట్లు అన్నీ తిరిగొచ్చాయి. జనం ఎగబడ్డారు. 2006లో డెట్రాయిట్ ప్రదర్శనలో ఛాలెంజర్, కమారోల నమూనాలు కనిపించాయి. 2008లో ఛాలెంజర్, 2009లో కమారో షోరూములకు వచ్చాయి. అంతకుముందు 2004లో పాంటియాక్ జిటిఓ పేరును కూడా లేపారు. కానీ అది ఆస్ట్రేలియానుంచి తెచ్చిన కారుకు పాత పేరు తగిలించడమే. ముఖంలో పాత పోలిక లేదు. మూడేళ్లలోనే దాన్ని ఆపేశారు. దీన్నిబట్టి ఒక విషయం తెలుస్తుంది. జనం కొన్నది ఇంజనునొక్కదాన్నే కాదు. వాళ్లు కొన్నది జ్ఞాపకాన్ని. పోలిక లేకపోతే జ్ఞాపకం లేదు, జ్ఞాపకం లేకపోతే బేరం లేదు.

ఇక బలం సంగతి చూడండి. 2015 మోడల్ ఛాలెంజర్ హెల్‌క్యాట్ 707 అశ్వశక్తి. 2023లో వచ్చిన డీమన్ 170 అనే రకం, ప్రత్యేకమైన ఇథనాల్ ఇంధనంమీద 1,025 అశ్వశక్తి. 1964 జిటిఓకు మూడు రెట్లకు పైన!

ఇక్కడ ఇంజనీర్లను మెచ్చుకోవాలి. వాళ్లు పాతదాన్ని పాతదిగానే తేలేదు. మొదటి మస్టాంగ్‌లో పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీకి అడుగు. వెనుకనుంచి గట్టిగా గుద్దితే ఏమవుతుందో ఊహించుకోండి. ఎయిర్ బ్యాగులు లేవు, చక్రాలు లాక్ కాకుండా ఆపే బ్రేకులు లేవు. ఇంజన్లకు సీసం కలిపిన పెట్రోలు కావాలి. ఆ సీసం పిల్లల మెదళ్లకు విషం. 1966లో అమెరికా రోడ్లమీద దాదాపు 51 వేలమంది చనిపోయారు. 2023లో సుమారు 41 వేలమంది. కానీ ఈ మధ్యకాలంలో అక్కడి వాహనాలు ఏడాదిలో తిరిగే దూరం మూడింతలు దాటింది. అంటే ప్రతి మైలుకు ప్రమాదం ఎంత తగ్గిందో లెక్క వేసుకోవచ్చు. 1965లో రాల్ఫ్ నాడర్ అనే న్యాయవాది కార్ల కంపెనీల నిర్లక్ష్యాన్ని బయటపెడుతూ పుస్తకం రాశాడు. 1966లో రోడ్డు భద్రత చట్టం వచ్చింది. ఆ పోరాటం లేకపోతే ఇవాళ్టి మస్టాంగ్ కూడా పాత ట్యాంకుతోనే వచ్చేదేమో.

అంటే ఒక కారును తిరిగి తెచ్చేటప్పుడు ఇంజనీరు ఏం చేస్తాడు? అందాన్ని ఉంచుతాడు, విషాన్ని తీసేస్తాడు. మంచిది. మరి ఆ కాలాన్ని పొగిడేటప్పుడు మనం కూడా అదే పని చెయ్యాలి కదా?

ఆ బంగారు రోజుల్లో రోడ్డెవరిది?

మజిల్ కారు అంటే స్వేచ్ఛ అని ప్రకటనల్లో చెబుతారు. తాళం తిప్పు, రోడ్డెక్కు, ఎక్కడికైనా పో. సరే, 1964 ఏప్రిల్‌లో మస్టాంగ్ కొన్న ఒక నల్లజాతి మనిషి ఎక్కడికి పోగలడు? దక్షిణ రాష్ట్రాల్లో దారిలో హోటల్లో గది ఇవ్వరు. తిండి బల్ల దగ్గర కూర్చోనివ్వరు. పెట్రోలు పోస్తారు గానీ మూత్రశాల తాళం ఇవ్వరు. అందుకే హార్లెంలో ఉండే విక్టర్ గ్రీన్ అనే పోస్టుమాన్ 1936నుంచి ఒక చిన్న పుస్తకం వేసేవాడు. నల్లవాళ్లకు ఏ ఊళ్లో ఎవరు గది ఇస్తారు, ఎవరు అన్నం పెడతారు అన్న జాబితా అది. గ్రీన్ బుక్ అనేవారు. అది 1960ల నడుమదాకా వచ్చింది. అంటే జిటిఓ, మస్టాంగ్, కమారో పుట్టిన రోజుల్లో కూడా ఆ పుస్తకం అవసరమే!

ఇంకొకటి. మస్టాంగ్‌ను ఆవిష్కరించిన రోజున పౌర హక్కుల బిల్లు సెనేట్‌లో నలుగుతూ ఉంది. దక్షిణాది సెనేటర్లు వారాలతరబడి ప్రసంగాలు చేస్తూ దాన్ని అడ్డుకుంటున్నారు. ఆ బిల్లు జూలై 2న చట్టమయ్యింది. హోటళ్లలో వివక్ష చట్టవిరుద్ధమయ్యింది అప్పుడే. మస్టాంగ్‌ను చూపించిన ఆ ప్రపంచ ప్రదర్శన ప్రజలకు తెరిచింది ఏప్రిల్ 22న. ఆ రోజు రోడ్లమీద పెట్రోలు అయిపోయేదాకా కార్లు నడిపి అక్కడే ఆపేస్తామని, ప్రదర్శనకు వెళ్లే దారులన్నీ మూసేస్తామని బ్రూక్లిన్‌లోని నల్లజాతి ఉద్యమకారులు ప్రకటించారు. చివరికి అనుకున్నన్ని కార్లు ఆగలేదు. కానీ ప్రదర్శన లోపల నిరసన తెలిపిన సుమారు 300 మందిని అరెస్టు చేశారు. ఒకే వారంలో, ఒకే చోట, ఒక కారు స్వేచ్ఛకు గుర్తుగా నిలబడింది. ఇంకో కారు స్వేచ్ఛ లేదని చెప్పడానికి ఆగిపోవాలనుకుంది. మనకు బొమ్మల్లో కనిపించేది మొదటి కారే.

అంతటితో అయిపోలేదు. 1979లో మొదలైన డ్యూక్స్ ఆఫ్ హజార్డ్ అనే టీవీ సీరియల్‌లో నారింజరంగు 1969 ఛార్జర్ ఒకటి ఉండేది. దాని పైకప్పుమీద బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణ రాష్ట్రాల జెండా! కారు పేరు కూడా ఆ సైన్యానికి నాయకుడైన జనరల్ లీ పేరే. పిల్లలు ఆ కారు బొమ్మలతో ఆడుకుంటూ పెరిగారు. 2015 జూన్‌లో చార్ల్‌స్టన్ చర్చిలో ఒక తెల్లజాతి దురహంకారి తొమ్మిదిమంది నల్లవాళ్లను కాల్చి చంపాకగాని ఆ జెండా ఉన్న బొమ్మ కార్లను అమ్మించడం కంపెనీ మానలేదు. ఒక కారు అందం వెనక ఎంత విషం దాక్కోగలదో దీనికంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

తయారుచేసిన చేతులు

ఇప్పుడు ఫ్యాక్టరీ లోపలికి వెళ్దాం. మొదటి ఛాలెంజర్లు తయారైన చోట్లలో ముఖ్యమైనది డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న హామ్‌ట్రామిక్ పట్టణంలోని ఫ్యాక్టరీ. దాన్ని డాడ్జ్ మెయిన్ అనేవారు. 1960ల చివరలో అక్కడి పనివాళ్లలో నల్లవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఫోర్‌మెన్లు మాత్రం దాదాపు అందరూ తెల్లవాళ్లే. వేడి, పొగ, బరువు ఉన్న పని నల్లవాళ్లది. మెరుగైన పని ఇతరులది. ఈ అమరిక మనకు కొత్తా?

1967 జూలైలో డెట్రాయిట్ భగ్గుమంది. అయిదు రోజుల్లో 43 మంది చనిపోయారు, అందులో 33 మంది నల్లవాళ్లు. మరుసటి ఏడాది 1968 మే 2న, లైను వేగం పెంచి ఒళ్లు విరిచేస్తున్నారని డాడ్జ్ మెయిన్‌లో వేలమంది పని ఆపేశారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఇద్దరూ ఆపారు. శిక్ష మాత్రం నల్లవాళ్లమీదే ఎక్కువ పడింది. ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లలో జనరల్ బేకర్ ఒకడు. జనరల్ అనేది పదవి కాదు, ఆయన పేరే. ఆయనా, తోటివాళ్లూ కలిసి డాడ్జ్ రివల్యూషనరీ యూనియన్ మూవ్‌మెంట్ పెట్టారు. ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా పిలిస్తే డ్రమ్. ఆ పేరు వింటే మనకు డప్పే గుర్తొస్తుంది. చెవిటి ఊరికి వినబడాలంటే మనవాళ్లు వాయించిందీ అదే కదా!

డ్రమ్ వాళ్లు కంపెనీనే కాదు, తమ యూనియన్‌ను కూడా నిలదీశారు. ఆటో కార్మికుల యూనియన్ నాయకుడు వాల్టర్ రూథర్ 1963 వాషింగ్టన్ మహాప్రదర్శనలో మార్టిన్ లూథర్ కింగ్‌తోపాటు వేదిక ఎక్కినవాడే. అయినా ఫ్యాక్టరీ లోపల నల్లవాళ్ల గోడు వినే నాథుడు లేడని వాళ్లు చెప్పారు. వేదికమీద సమానత్వం, పనిలో అంతరం. ఇదీ మనకు తెలిసిన కథే.

డాడ్జ్ మెయిన్ 1980లో మూతపడింది. ఆ స్థలంలోనూ, పక్కనున్న పోల్‌టౌన్ అనే పేటలోనూ జనరల్ మోటార్స్‌కు కొత్త ఫ్యాక్టరీ కట్టడానికి 1981లో నగరపాలక సంస్థే నాలుగు వేలమందికి పైగా జనాన్ని ఖాళీ చేయించింది. ఇళ్లు, కొట్లు, చర్చిలు అన్నీ పడగొట్టారు. "ప్రజా ప్రయోజనం" అన్నారు. 1950లో పద్దెనిమిదిన్నర లక్షల జనాభా ఉన్న డెట్రాయిట్, 2020 లెక్కల నాటికి ఆరు లక్షల నలభై వేలకు దిగిపోయింది. 2013లో ఆ నగరమే దివాలా ప్రకటించుకుంది. ఛాలెంజర్ పేరు తిరిగొచ్చింది. పుట్టిన ఫ్యాక్టరీ రాలేదు. కొత్త ఛాలెంజర్‌ను కెనడాలోని బ్రాంప్టన్‌లో తయారుచేశారు.

ఒక చిన్న లెక్క

మిత్రులారా, ఇక్కడ కాగితం, పెన్ను తీసుకోండి. 1964లో అమెరికా ఆటో కార్మికుడి కూలి గంటకు సుమారు 3 డాలర్లు. మస్టాంగ్ ధర 2,368. అంటే సుమారు 790 గంటలు. వారానికి 40 గంటల చొప్పున 20 వారాల కష్టం. తను బిగించిన కారు ఖరీదు తన అయిదు నెలల కష్టం.

ఇక 2010కి రండి. 2007 ఒప్పందంలో డెట్రాయిట్ కంపెనీలు రెండు అంతస్తుల కూలి తెచ్చాయి. పాతవాళ్లకు గంటకు సుమారు 28 డాలర్లు. కొత్తగా చేరేవాళ్లకు సుమారు 14. 2009లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ దివాలా తీసి ప్రభుత్వ సొమ్ముతో బతికాక ఈ పద్ధతి ఇంకా గట్టిపడింది. ఆ ఏడాది సాదా మస్టాంగ్ ధర సుమారు 21 వేల డాలర్లు. పాత కార్మికుడికి అది 19 వారాల కూలి, అంటే తన తండ్రి కాలంనాటి లెక్కే. కొత్త కార్మికుడికి 37 వారాల పైమాటే! ఒకే రకం కారు, ఒకే రకం స్పానరు, అదే పని. ఒకరికి 19, ఇంకొకరికి 37. కారు ముక్కును మిల్లీమీటరు తేడా లేకుండా 1960లనుంచి తేగలిగినవాళ్లకు ఈ లెక్క మాత్రం తేవడం చేతకాలేదా?

చేతకాక కాదు, తేవాల్సిన అవసరం వాళ్లకు లేకపోయింది. అవసరం కల్పించింది కార్మికులే. 2023 సెప్టెంబరు 15న ఆటో కార్మికుల యూనియన్ మూడు పెద్ద కంపెనీలమీద ఒకేసారి సమ్మె మొదలుపెట్టింది. మూడింటిమీద ఒకేసారి సమ్మె చేయడం చరిత్రలో అదే మొదలు. పదవిలో ఉన్న అధ్యక్షుడు బైడెన్ కూడా వచ్చి వాళ్ల వరసలో నిలబడ్డాడు. ఆరు వారాల తర్వాత కంపెనీలు దిగివచ్చాయి. 25 శాతం పెంపు, అంతస్తుల కూలి చాలాచోట్ల రద్దు. ఈ ఒప్పందం ముగిసే 2028 నాటికి పై కూలి గంటకు 40 డాలర్లు దాటుతుంది. సాదా మస్టాంగ్ ధర ఈ మధ్య సుమారు 32 వేలు. ధర ఇలాగే ఉంటే మళ్లీ 800 గంటలు. మళ్లీ 20 వారాలు! ధర ఇలాగే ఉండదనుకోండి, అది వేరే సంగతి. నేను చెప్పేదేమిటంటే, 1964లో నిజంగా తిరిగి తేవలసినదేదైనా ఉంటే అది ఈ 20 వారాల లెక్క. దాన్ని తెచ్చింది డిజైను స్టూడియో కాదు, ఫ్యాక్టరీ గేటు. ఆ మాటకొస్తే 1964లో ఉన్న ఆ కూలి కూడా ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. 1936 డిసెంబరునుంచి 1937 ఫిబ్రవరిదాకా ఫ్లింట్ ఫ్యాక్టరీల్లో 44 రోజులు మిషన్ల పక్కనే కూర్చుని కార్మికులు యూనియన్‌ను గెలిచారు. దాని ఫలమే అది.

ఎదుటి వాదన

నేను ఇలా అంటే కొందరు మిత్రులు ఒప్పుకోరు. "ఈ పాత పోలిక కార్లు అమ్ముడుపోబట్టే కదా కొన్ని ఫ్యాక్టరీలు నిలబడ్డాయి?" అంటారు. నిజమే. మిషిగన్‌లోని ఫ్లాట్ రాక్ ఫ్యాక్టరీలో పని ఉందంటే మస్టాంగ్ వల్లే. బ్రాంప్టన్‌లో పదిహేనేళ్లపాటు పొయ్యి వెలిగిందంటే ఛాలెంజర్, ఛార్జర్ల వల్లే. నేను కాదనను. కానీ జ్ఞాపకంమీద కట్టిన ఇల్లు ఎన్నాళ్లుంటుంది? 2023 డిసెంబరులో ఛాలెంజర్ ఆగిపోయింది. కమారో కూడా అదే నెలలో ఆగింది. ఛాలెంజర్, ఛార్జర్లకు "లాస్ట్ కాల్" అని పేరుపెట్టి, ఆఖరి బండ్లు అని చెప్పి ప్రత్యేక రకాలు అమ్మారు. కొన్నవాళ్లకు జ్ఞాపిక దక్కింది. బ్రాంప్టన్‌లో సుమారు మూడు వేలమందికి పని ఆగింది. జీప్ కంపాస్ తయారీ మీకే ఇస్తామని చెప్పి, 2025 అక్టోబరులో ఆ పనిని అమెరికాలోని ఇల్లినాయిస్‌కు మారుస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. కారుకు వీడ్కోలు సభలు చేసినవాళ్లు ఆ మూడు వేలమందికి చేసిన సభ ఏది?

2024లో ఛార్జర్ పేరుతో కరెంటు కారు వచ్చింది. దానికి ఇంజనే లేదు. కాబట్టి పాత వి-8 గర్జనలాంటి శబ్దాన్ని యంత్రంతో పుట్టించి 126 డెసిబెల్స్ దాకా వినిపించేలా చేశారు. ఆ తరువాత పెట్రోలు ఇంజను రకం కూడా తెచ్చారు. లేని ఇంజను చప్పుడును కూడా శ్రద్ధగా కాపాడుకున్నారు. బతికున్న మనిషి గొంతుకు ఆ శ్రద్ధలో పదో వంతు దక్కితే ఎంత బాగుండును!

మనకెందుకు ఈ సంగతి?

అమెరికా కార్ల గొడవ హాస్టల్ పిల్లలకెందుకని అనుకోవద్దు. మనకు దీనితో నిజమైన బంధమే ఉంది. 2016లో ఫోర్డ్ మస్టాంగ్‌ను మనదేశంలో 65 లక్షల రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. అంతకంటే దగ్గరి బంధం ఇంకొకటుంది. డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామంది స్థిరపడ్డారు, ఆటో కంపెనీల్లో ఇంజనీర్లుగా పనిచేస్తున్నారు. వాళ్లు అక్కడికి వెళ్లగలిగింది 1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చి, దేశాన్నిబట్టి వివక్ష చూపే పద్ధతిని తీసేసినందువల్ల. ఆ మార్పు నల్లవాళ్ల పౌర హక్కుల పోరాటం రగిలించిన వాతావరణంలోనే వచ్చింది. రేపు విదేశీ విద్యానిధి సాయంతో మన హాస్టల్ పిల్లలూ అక్కడికి చదువుకోవడానికి వెళ్లవచ్చు. వెళ్లినవాళ్లు మస్టాంగ్ పక్కన నిలబడి ఫోటో దిగండి, వద్దనను. అయితే హామ్‌ట్రామిక్ ఎక్కడుందో కూడా అడిగి తెలుసుకోండి. ఎవరి పోరాటం తెరిచిన తలుపులోంచి లోపలికి వచ్చామో తెలియకపోతే, ఆ తలుపు ఇంకొకరికి మూసేవాళ్లలో మనమే చేరిపోతాం.

ఇంకో మాట. "పాత రోజులే బాగుండేవి, పల్లెలు పచ్చగా ఉండేవి, అందరూ ఎవరి పని వాళ్లు చేసుకుంటూ హాయిగా ఉండేవాళ్లు" అనే మాట మనం రోజూ వింటుంటాం. ఆ మాట అనేవాళ్ల ఇల్లు ఊళ్లో ఎక్కడుండేదో అడగండి. బావి దగ్గర వాళ్ల బిందె ఎక్కడుండేదో అడగండి. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేడ్కర్, పాత గ్రామాన్ని దేశానికి పునాది చెయ్యాలన్నవారితో ఒప్పుకోలేదు. గ్రామం ఆయనకు బొమ్మలో తెలిసింది కాదు, బతుకులో తెలిసింది. పాతదంతా చెడ్డదని నేను అనడంలేదు. మన పాటలు, మన పనితనం, చెప్పులు కుట్టిన నేర్పు, నేత నేసిన నేర్పు, ఇవన్నీ పాతవే, నిలబెట్టుకోవలసినవే. కారు ఇంజనీరు చేసిన పనినే మనమూ చెయ్యాలి. పాతదాన్ని బల్లమీద పెట్టి విప్పాలి. ఏ భాగం ఉంచాలి, ఏ భాగం మనుషుల్ని చంపింది, ఏ భాగంలో విషం ఉంది అని చూడాలి. ట్యాంకు మార్చకుండా పైన రంగు వేస్తే అది పునరుద్ధరణ కాదు, మోసం.

కాబట్టి చదువుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పేది ఇంతే. ఏ వస్తువు మెరిసినా మూడు ప్రశ్నలు వెయ్యండి. దీన్ని ఎవరు చేశారు? వాళ్లకు గంటకు ఎంత ఇచ్చారు? దీన్ని వాడుకునే దారిలో ఎవరిని ఆపేశారు? ఈ మూడింటికీ జవాబు చెప్పలేనివాళ్లు "బంగారు రోజులు" అంటే నమ్మకండి. జవాబు చెప్పగలిగిన రోజులు ఎక్కడైనా ఉంటే, వాటిని తప్పకుండా తిరిగి తెచ్చుకుందాం. లేకపోతే మనమే కొత్తగా కట్టుకుందాం.